చదువరి యుత్తరము

మన యిండ్లలో కథలు వ్రాయువారికంటె, వ్రాసినది చదివి యభిప్రాయము చెప్పవలసినవారే యెక్కువ. చాలమంది "బాగున్నది" యని కాగితములు మడిచి యిచ్చివేయుదురు. ఆ మాట తీపిదే కాని, దానివలన వ్రాసిన యామెకు తెలియవచ్చున దేమియు లేదు. ఈ విషయమున అమెరికా స్త్రీల వృత్తాంత మొకటి తెలిసికొనదగినది.

ఆ దేశమున 1966 మొదలు 1969 వరకు "స్టార్ ట్రెక్" అను టెలివిజను ధారావాహిక నడచెను. వ్యోమనౌకలో లోకలోకములు తిరుగు వీరుల కథ యది. దానియం దభిమానము గలవారు, విశేషించి స్త్రీలు, ఆ పాత్రలనే గైకొని తమ కథలను తాము వ్రాయసాగిరి. (పరుల పాత్రలను గ్రహించుట చౌర్యము గదా యని కొందరందురు. వ్యాసుని పాత్రలతో కావ్యములు చెప్పిన మన కవులను దొంగలన్నవారిని మేమెరుగము.) 1967లో "స్పాకనేలియా" యను పత్రిక న్యూయార్కునుండి వెలువడెను. ఇట్టి పత్రికలలో వ్రాసినవారికి ధనము ముట్టదు. చదివినవారి యుత్తరమే వారి పారితోషికము. వివరముగా నుత్తరము వ్రాసినవారికి సంచికను ఉచితముగా బంపు ఆచారము అట్టి అభిమానుల పత్రికలలో ఉండెను. ఉత్తరమునకు వెలగట్టిన యీ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

1973లో పాలా స్మిత్ అను నామె "మెనాజరీ" యను పత్రికలో చిన్న హాస్యకథ యొకటి ప్రకటించెను. అందలి మేరీ స్యూ పదునైదున్నర యేండ్ల బాల. దళమునం దెల్లరకంటె పిన్నయగు లెఫ్టినెంటు. ఆమెకు రాని విద్య లేదు. తుదకు వీరులందరు చుట్టును జేరి విలపింప ప్రాణములు విడుచును. ఆమె జన్మదినము ఓడలో పండుగ యగును! అట్టి నాయికలు నాటి కథలలో కోకొల్లలు గనుక చదివినవారు నవ్విరి. మాకును నవ్వు వచ్చినది.

పిమ్మట జరిగినది మాత్రము నవ్వదగినది కాదు. ఆ పేరు నిందావాచకమయ్యెను. ఆ పేరు తమ కథలకు పడునేమో యని వెరచి, రచయిత్రులు స్త్రీపాత్రలను వ్రాయుటకే జంకిరని కమిల్ బేకన్-స్మిత్ 1992లో వెలువడిన తన గ్రంథమున తెలిపినది. స్త్రీలు, స్త్రీల కొరకు వ్రాసికొను కథలలో స్త్రీయే లేకపోవుట యెంత చోద్యము! ప్రతివారమును లోకములను గాచు కిర్కు కప్తాను మాత్రము వీరుడే. హాస్యకథ వ్రాసిన యామెయందు దోషము లేదు. ఆమె పెక్కు కథలు చదివి వ్రాసినది. ఆ పేరును చేతబట్టి కనబడిన ప్రతి బాలికమీదను విసరినవారిదే దోషము. పేరు పెట్టుటకు కథ చదువ నక్కరలేదు గదా!

మా వీథిలోని బాలిక యొకతె ఉలూపిని గూర్చి కథ వ్రాసి మాకు చూపినది. దిద్దవలెనా, చదివిన చాలునా యని ముందుగా నడిగితిమి. దిద్దుమన్నది. ఇరావంతుని మరణవార్త విని ఉలూపి దీపము వెలిగింప మరచిన ఘట్టమును రెండుమారులు చదివితిమనియు, యుద్ధవర్ణనలో మా మనస్సు వంటయింటికి బోయెననియు వ్రాసి యిచ్చితిమి. నాలుగు దినములు మాటాడలేదు. పిదప తిరుగ వ్రాసి తెచ్చినది. యుద్ధము తగ్గలేదు, కాని యిప్పుడది ఉలూపి వినుచున్న యుద్ధము. మాకు తోచని యుపాయ మది.

ఈ శీర్షిక చదివి "బాగున్నది" యని వ్రాయు సోదరీమణులు, ఏ పుటలో విసుగు పుట్టినదో కూడ నొక్క వాక్యము చేర్ప వేడుచున్నాము.