కోడితోక పుట్టుపూర్వోత్తరాలు

శ్రీశైలంలో స్వామిని దర్శించుకుని, ఫాలధార పంచధార మెట్లు దిగి, ఆ చల్లని నీళ్లు దోసిట పట్టుకున్న వేళ ఎవరికైనా సారాయి సంగతి జ్ఞాపకం వస్తుందా? మా విద్యార్థులకు వచ్చింది. నిజానికి తప్పు వాళ్లది కాదు, మన తెలుగుమాటది.

"సార్, కరోనా రోజుల్లో రెండు మందులు కలిపి ఎక్కించి కాక్‌టెయిల్ అన్నారు గదా? కాక్ అంటే కోడిపుంజు, టెయిల్ అంటే తోక. మందుకూ కోడితోకకూ ఏం సంబంధం సార్?" అన్నాడొక కుర్రవాడు.

"ఏ మందుకు?" అన్నాడు పక్కవాడు. అందరూ గొల్లుమన్నారు. రోగం కుదిర్చేదీ మందే, రోగం తెచ్చేదీ మందే అయిన భాష మనది!

నేను తెలుగు పంతులునే అయినా, ఈ ప్రశ్నకు నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా వుంది. ఏళ్ల తరబడి క్లాసులో చెబుతున్నదే. అమెరికాలో న్యూ ఆర్లియన్సు అనే పట్నంలో పేషో అనే మందుల దుకాణదారు వుండేవాడు. ఆయన బ్రాందీలో చేదుమందు కలిపి, కోడిగుడ్డు నిలబెట్టుకుని తినే చిన్న గిన్నెలో పోసి యిచ్చేవాడట. ఆ గిన్నెను ఫ్రెంచివాళ్లు కొకెతియే అంటారు. అది ఇంగ్లీషువాళ్ల నోట పడి కాక్‌టెయిల్ అయిందట. అంతటితో ఆగితే బాగుండేది. నా పాండిత్యం ఆగనిచ్చిందా? "1806 మే 13న న్యూయార్కు రాష్ట్రంలో హడ్సన్ అనే వూళ్లో వచ్చే ఒక వారపత్రికలో, ఈ మాటకు అర్థమేమిటని పాఠకుడొకడు అడిగితే సంపాదకుడు సమాధానమిచ్చాడు. సారా, చక్కెర, నీళ్లు, చేదుమందు, ఈ నాలుగూ కలిస్తే కాక్‌టెయిల్ అని!" అని కూడా చెప్పాను.

వెనక మెట్టు మీద కూర్చున్న అమ్మాయి అప్పటికే చేతిలోని ఫోను చూస్తున్నది. "సార్, పేషో పుట్టింది 1803లో అంట. పత్రికలో మాట అచ్చయ్యే నాటికి ఆయనకు మూడేళ్లు సార్" అన్నది మెల్లిగా.

మూడేళ్ల పసివాడు బ్రాందీ కలిపాడని యిన్నేళ్లూ పాఠం చెప్పానన్నమాట! సిగ్గుపడ్డాను. ఒప్పుకున్నాను కూడా. తోక కత్తిరించిన గుర్రాన్ని కాక్‌టెయిల్ అనేవారని, అటువంటివి మేలుజాతివి కాక సంకరజాతివి గనుక కలగలుపు పానీయానికి ఆ పేరు వచ్చిందని మరొక వాదం వుంది. అది కొంత నమ్మదగ్గదే గాని, రుజువైంది కాదు.

"పోనీ, మనవాళ్ల మాట చెబుతా వినండి" అన్నాను, పోయిన పరువు దక్కించుకుందామని. ఇంగ్లీషువాళ్లు పంచ్ అనే పానీయం తాగుతారు. సారా, నిమ్మరసం, చక్కెర, నీళ్లు, మసాలా, ఈ ఐదూ కలిసేది గనుక మన 'పంచ' శబ్దమే దానికి పేరైందని జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు 1698లో అచ్చయిన తన యాత్రా గ్రంథంలో వ్రాశాడు. 1632లోనే ఒక దొర మరొక దొరకు వ్రాసిన ఉత్తరంలో ఈ పంచ్ కనిపిస్తుంది. ఉత్తరం అందుకున్నాయన కాపురం ఎక్కడనుకున్నారు? పెటపోలిలో! అంటే మన నిజాంపట్నం రేవులో. తేదీ కుదిరింది, చోటూ కుదిరింది. అయినా, దినుసులు ఒక్కొక్కచోట నాలుగు, ఒక్కొక్కచోట ఆరు వున్నాయి, ఇది పీపాకు వున్న ఇంగ్లీషు పేరు నుంచి వచ్చిందేమోనని సందేహించే పండితులూ లేకపోలేదు. కాబట్టి దీన్ని 'బహుశా' అన్న మాట తగిలించి చెప్పుకోవాలి.

అంతా విని ఆ అమ్మాయే మళ్లీ అడిగింది. "అయితే సార్, త్రిలింగం సంగతి?"

గుండె గతుక్కుమన్నది. శ్రీశైలం, కాళేశ్వరం, ద్రాక్షారామం, ఈ మూడు లింగాల నడుమ నేల త్రిలింగ దేశమని, దాని నుంచే తెలుగు వచ్చిందని మనమంతా విన్నదే. చిన్నప్పుడు మా నాన్నగారు నన్ను భుజాన ఎక్కించుకుని ఈ కొండమీదికి తెచ్చి, "మన భాషకు పేరు పెట్టిన దేవుడురా" అని మల్లన్నను చూపించారు. దొరగారి కోడితోకకు పట్టిన తక్కెడ మా నాన్నగారి మాటకు పట్టనా, వద్దా?

పట్టక తప్పలేదు. ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు త్రిలింగాల మాట చెప్పాడు. అంతకు రెండు శతాబ్దాలకు పైగా ముందే నన్నయ 'తెనుఁగు' అన్నాడు. ఆ తెనుగుకే సంస్కృతపు ముస్తాబు చేసి త్రిలింగం అన్నారని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. తెన్ అంటే దక్షిణం గనుక తెనుగు అయిందన్నవారూ వున్నారు. అదీ ఊహే. ఇదంతా దాచకుండా చెప్పాను.

"మరి మీ నాయన చెప్పింది అబద్ధమా సార్?"

"కాదమ్మా. ఆయన నాకు చూపించింది దేవుణ్ణి. వ్యాకరణం నేర్పడానికి తీసుకురాలేదు" అన్నాను. ఆ జవాబు వాళ్లకు సరిపోయిందో లేదో గాని, నాకు మాత్రం కొంత ఊరట కలిగింది.

సాయంత్రం ఘాటు రోడ్డు దిగి దోర్నాలలో బస్సు ఆగింది. పిల్లలు నన్నారి షర్బతు తాగుతున్నారు. మొదట అడిగిన కుర్రవాడు వేళ్లు లెక్కపెట్టి, "నన్నారి, నిమ్మకాయ, సోడా, సబ్జా, ఐసు. ఐదు సార్! ఇదే అసలైన పంచ్!" అని కేక వేశాడు.

"తేదీ ఏదిరా?" అన్నది ఆ అమ్మాయి.

నేను నోరు మూసుకుని నా గ్లాసు అందుకున్నాను.