రేడియోధార్మిక పెట్టెకు తిరుగు టికెట్ ఉందా?

2010 ఏప్రిల్ 12, 13 తేదీల్లో వాషింగ్టన్‌లో తొలి అణు భద్రతా శిఖరాగ్ర సదస్సు జరిగింది. అణు పదార్థాలు ఉగ్రవాదుల చేతికి చిక్కకుండా చూడటం ఎలాగన్నదే అక్కడి చర్చ. నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ అందులో పాల్గొని, అణు ఇంధన భాగస్వామ్యానికి భారత్‌లో అంతర్జాతీయ కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించారు. ఇంచుమించు అదే రోజుల్లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో నిపుణులు రేడియేషన్ మీటర్లు పట్టుకుని కోబాల్ట్-60 ముక్కల కోసం దుకాణం దుకాణం గాలిస్తున్నారు. ఆ కోబాల్ట్‌ను అక్కడికి చేర్చింది ఉగ్రవాదులూ కాదు, స్మగ్లర్లూ కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగం వేలంలో అమ్మేసిన పాత యంత్రంలోంచి అది బయటపడింది.

1960ల చివర కెనడాలో తయారైన ఆ గామా యంత్రాన్ని 1985 తరవాత ఎవరూ వాడలేదు. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో కలిపి దాన్ని వేలం వేశారు. తుక్కు కార్మికులు సీసపు కవచాన్ని విప్పారు. ఒక వ్యాపారి చిన్న ముక్కను పర్సులో పెట్టుకు తిరిగాడు. ఏప్రిల్ నెలాఖరుకు ఒకరు చనిపోయారు, మరికొందరు కాలిన గాయాలతో, రక్తకణాలు పడిపోయి ఆస్పత్రి పాలయ్యారు. అంతర్జాతీయ అణు ప్రమాదాల కొలబద్దపై దీన్ని నాలుగో స్థాయి ఘటనగా లెక్కగట్టారు. కోబాల్ట్-60 శక్తి ప్రతి 5.27 ఏళ్లకు సగానికి తగ్గుతుంది. అంటే నలభై ఏళ్లలో అది దాదాపు రెండు వందల్లో ఒక వంతుకు పడిపోతుంది. మనిషి ప్రాణం తీయడానికి ఆ మిగిలిన వంతే సరిపోయింది.

ఈ విషాదానికి నిబంధనలు లేకపోవడం కారణం కాదు. 1962 నాటి అణుశక్తి చట్టం కింద 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నియమాలు అప్పటికే అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం రేడియోధార్మిక సోర్సును ఉంచుకోవాలన్నా, ఇతరులకు బదిలీ చేయాలన్నా అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి ఉండాలి. సంస్థలో అర్హుడైన రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి. రవాణాకు ఏఈఆర్‌బీ ప్రత్యేక కోడ్ ఉంది. అది అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ప్రమాణాలను అనుసరించి రూపొందింది.

ఆ కోడ్ తర్కం తేలికైనదే. లోపలి పదార్థం ఎంత ప్రమాదకరమో, పెట్టె అంత గట్టిగా ఉండాలి. ప్రయోగశాలల్లో వాడే అతి తక్కువ మోతాదులు మినహాయింపు ప్యాకేజీల్లో వెళ్లవచ్చు. అంతకు మించితే 'ఎ' రకం పెట్టె కావాలి. వానకు తడిసినా, దించేటప్పుడు చేజారినా, పైన బరువు పడినా లోపలిది బయటికి రాకూడదు. గామా యంత్రాల్లో వాడే బలమైన సోర్సులకు 'బి' రకం తప్పనిసరి. తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా అది తట్టుకోవాలి. పెట్టెపై తెలుపు లేదా పసుపు లేబుల్, మీటరు దూరంలో రేడియేషన్ ఎంతో చెప్పే రవాణా సూచిక, డ్రైవరు చేతిలో అత్యవసర సూచనల కార్డు ఉండాలి. వీటన్నిటికీ ప్రధాన బాధ్యత లారీ యజమానిది కాదు, పంపేవారిది. పంపేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమైనా ఇందులో మినహాయింపు లేదు.

ఢిల్లీ యంత్రం విషయంలో ఈ నిబంధనల్లో ఒక్కటీ కదలలేదు. ఎందుకంటే అది 'రేడియోధార్మిక పదార్థం'గా ప్రయాణించనే లేదు, పాత ఇనుముగా ప్రయాణించింది. భద్రత కోణంలో గ్రహించాల్సిన అసలు విషయం ఇదే. లేబుల్ అంటించిన పెట్టె కంటే లేబుల్ లేని పెట్టెతోనే ప్రమాదం ఎక్కువ. రవాణా నియమాలు దారిలో పెట్టెను కాపాడతాయి. లోపల ఏముందో పంపేవారే మరచిపోతే వాటికి చేయగలిగిందేమీ లేదు.

తెలుగు నేలపైనా ఇలాంటి హెచ్చరిక వినబడింది. 2019 జనవరిలో ఓఎన్‌జీసీ చమురు బావుల పరీక్షకు వాడే సీసియం-137 కంటెయినర్ రాజమహేంద్రవరం నుంచి రవాణాలో ఉండగా మాయమైంది. రోజుల తరబడి పోలీసులు గాలిస్తే చివరికి కృష్ణా జిల్లా కలిదిండిలోని పాత ఇనుము కొట్టులో దొరికింది. మాయాపురిలో సొంతదారు మరచిపోయాడు, ఇక్కడ సొంతదారుకు తెలిసీ దారిలో చేజారింది. రెండు దారులూ చేరింది తుక్కు దుకాణానికే. కలిదిండిలో ఎవరూ కంటెయినర్‌ను పగలగొట్టకపోవడం మన అదృష్టం. అదృష్టాన్ని భద్రతా వ్యవస్థ అనలేం.

ఈ సమస్యను ఒక ద్వీపం నుంచి చూస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అండమాన్ రాజధాని పోర్ట్ బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. దాని పక్కనే గరాచర్మ ఉంది. భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ 1978 నుంచి ఈ ప్రాంతంలో పని చేస్తోంది. పుదుచ్చేరి విశ్వవిద్యాలయ సముద్ర అధ్యయన విభాగమూ ఇక్కడికి దగ్గరే. నేల, పంట, సముద్రజీవుల పరిశోధనలో రేడియో ఐసోటోపులు ప్రపంచమంతటా పాత పనిముట్లు. ఇలాంటి ద్వీపంలో ఒక పరిశోధకుడు అలాంటి పదార్థం తెప్పించుకున్నాడనుకుందాం.

అతను ఎరువు మొక్కలోకి ఎలా చేరుతుందో చూసేందుకు ఫాస్ఫరస్-32 తెప్పిస్తే, దాని అర్ధాయుష్కాలం 14 రోజులే. కవచం ఉన్న అల్మారాలో ఐదారు నెలలు భద్రంగా ఉంచితే దాదాపుగా చల్లారిపోతుంది. నేలలో తేమను కొలిచే న్యూట్రాన్ ప్రోబ్ తెప్పిస్తే కథ వేరు. అందులో ఉండే అమెరీషియం-241 అర్ధాయుష్కాలం 432 ఏళ్లు. పరిశోధన ప్రాజెక్టు మూడేళ్లు, పరిశోధకుడి సర్వీసు ముప్పై ఏళ్లు. ప్రోబ్ మాత్రం అందరూ వెళ్లిపోయాకా అక్కడే ఉంటుంది. ఉప్పుగాలికి పెట్టె తుప్పు పడుతుంది, లేబుల్ చెరిగిపోతుంది.

దాన్ని వెనక్కి పంపాలంటే విశాఖ వైపు సముద్రంపై సుమారు 1,200 కిలోమీటర్ల దూరం, రెండు మూడు రోజుల ఓడ ప్రయాణం. గరాచర్మ నుంచి రేవుకు రోడ్డు నిబంధనలు, ఓడలో ప్రమాదకర సరకుల సముద్ర నిబంధనలు, విమానంలోనైతే పౌర విమానయాన నిబంధనలు, తీరం చేరాక మళ్లీ రోడ్డు నిబంధనలు. చేతులు మారే ప్రతిచోటా సంతకం కావాలి. వాడకం ముగిసిన సోర్సును సరఫరాదారుకు తిప్పి పంపాలన్నది మన నియమం. దేశీయమైతే ముంబయిలోని అణుశక్తి విభాగ సంస్థలకు, దిగుమతి చేసుకున్నదైతే సాధారణంగా విదేశీ తయారీదారుకు పంపాలి. ఆ కంపెనీయే మూతపడితే ప్రయాణం ఇంకా జటిలం. ఇంత ఖర్చు, ఇన్ని కాగితాలు తలచుకుని 'వచ్చే ఏడాది చూద్దాం' అనుకోవడం మానవ సహజం. అలా పాతికేళ్లు గడిస్తే అది మరో మాయాపురి.

ప్రైవేటు పరిశ్రమతో పోలిస్తే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ఈ జబ్బు తేలిగ్గా పట్టుకుంటుంది. పరికరం కొనడానికి పరిశోధన గ్రాంటు వస్తుంది, తిప్పి పంపడానికి రాదు. భద్రతాధికారి సాధారణంగా ఒక అధ్యాపకుడు, పాఠాల మధ్య అదనపు బాధ్యతగా ఆ పని చూస్తాడు. ఆయన రిటైరైతే జ్ఞాపకమూ రిటైరవుతుంది. కొన్నది ఒక విభాగం, వేలం వేసేది మరో కమిటీ. ఆ కమిటీ దృష్టిలో అది బరువును బట్టి ధర పలికే ఇనుము. ఏఈఆర్‌బీ ఏర్పడింది 1983 నవంబరులో. అంతకు ముందు కొన్న పరికరాలు నియంత్రణ సంస్థ పుస్తకాల్లోకి ఎక్కకుండా మిగిలిపోయే అవకాశం అందుకే ఎక్కువ. 2012లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక సైతం సోర్సుల పూర్తి జాబితా, వాడకం ముగిసిన వాటి పారవేతపై నిఘా కొరవడ్డాయని ఏఈఆర్‌బీని తప్పుపట్టింది.

అలాగని ప్రయోగశాలలన్నిటికీ తాళం వేయడం పరిష్కారం కాదు. సూక్ష్మ మోతాదు కార్బన్-14 సీసాకూ, గామా యంత్రానికీ ఒకే కాపలా పెడితే పరిశోధన ఆగుతుంది, భద్రత పెరగదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సోర్సులను అయిదు తరగతులుగా విభజించింది ఇందుకే. పేలుడు పదార్థంతో రేడియోధార్మికతను వెదజల్లే 'డర్టీ బాంబు' భయం ప్రధానంగా పై మూడు తరగతుల చుట్టూనే ఉంది. పకడ్బందీ నిఘా వాటికి కావాలి. కింది తరగతులకు కావలసింది తుపాకీ కాదు, చిత్తుగా మారని రిజిస్టరు.

చేయాల్సినవి పెద్ద ఖర్చు లేనివే. దీర్ఘాయుష్షు గల సోర్సు కొనుగోలుకు అనుమతి ఇచ్చేటప్పుడే దాని తిరుగు రవాణా ఖర్చును విడిగా డిపాజిట్ చేయించాలి. భద్రతాధికారి సంతకం లేకుండా సైన్స్ విభాగాల పాత సామాను వేలానికి వెళ్లకూడదు. అధ్యాపకుడి పదవీ విరమణ కాగితాల్లో సోర్సుల అప్పగింత పత్రం తప్పనిసరి కావాలి. 1983కు ముందు నాటి పరికరాల కోసం విశ్వవిద్యాలయాల గోదాములను మీటర్లతో ఒకసారి గాలించాలి. స్వామి జ్ఞానానంద చొరవతో అణు భౌతిక పరిశోధనకు పునాది పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి పాత విద్యాసంస్థలు ఇందుకు ముందు నిలిస్తే దేశానికే దారి చూపినట్లవుతుంది. రేడియోధార్మికత లేని ప్రత్యామ్నాయం ఉన్నచోట, ముఖ్యంగా ద్వీపాల్లో, దానికే మొగ్గు చూపాలి. నేల తేమను విద్యుత్ సెన్సర్లూ కొలుస్తాయి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ఆ చట్టంపై చర్చంతా ప్రైవేటు అణు విద్యుత్ కేంద్రాల చుట్టూ తిరిగింది. మాయాపురి కార్మికుడి ప్రాణం తీసింది మాత్రం రియాక్టరు కాదు, పాతికేళ్లు ఎవరికీ పట్టని ఓ యంత్రం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకు కొత్త కాదు. ఢిల్లీలో ఆ సామెత అక్షరాలా నిజమైంది. నియంత్రణ మండలి తన కొత్త అధికారాన్ని ముందుగా విశ్వవిద్యాలయాల గోదాముల తలుపు తట్టడానికి వాడితే, తరవాతి పెట్టె తుక్కు కొట్టుకు చేరకముందే దొరుకుతుంది.