కొన్న ట్రక్కు గేర్లపై కొన్నవారికే హక్కు

అమెరికాలో పికప్ ట్రక్కు కొన్న మనిషి, తన బండి ఏ వేగంలో గేరు మార్చాలో కంప్యూటరులో సరిచేసుకోవడానికి తయారీదారు వేసిన సాఫ్ట్‌వేరు తాళం తీయాల్సి వస్తే, అందుకు అనుమతి ఈనాటికీ మూడేళ్ల గడువుతోనే దొరుకుతున్నది. కాపీరైట్ చట్టం నుంచి 2024 అక్టోబరులో పొడిగించిన ఆ మినహాయింపు 2027లో మళ్లీ విచారణకు వస్తుంది. సొమ్ము చెల్లించి కొన్న వస్తువు కోసం మూడేళ్లకోసారి ప్రభుత్వ గడప తొక్కవలసిన ఈ దుస్థితిని అమెరికా కాంగ్రెస్ చట్టం ద్వారా శాశ్వతంగా తొలగించాలి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సును నడిపే కంప్యూటరు, ఆక్సిలరేటరు ఎంత నొక్కారో, బండి ఎంత వేగంలో ఉందో ఒక పట్టికలో చూసుకుని, సోలెనాయిడ్లకు, అంటే విద్యుత్తుతో తెరుచుకుని మూసుకునే ఆయిల్ వాల్వులకు ఆదేశమిస్తుంది. పై గేరుకు ఎక్కే వేగాలు ఒక పట్టికలో, కింది గేరుకు దిగే వేగాలు మరొక పట్టికలో ఉంటాయి. ఈ రెండింటి నడుమ ఎడం చాలకపోతే, ట్రైలర్ తగిలించుకుని ఘాట్ ఎక్కే ట్రక్కు నాలుగో గేరులో లాగలేక మూడుకు దిగి, కాస్త పుంజుకోగానే మళ్లీ నాలుగుకు ఎక్కి, మళ్లీ దిగుతూ గేర్‌బాక్సు ఆయిలును కాగబెడుతుంది. ఈ జబ్బుకు మందు ఆ పట్టికలో నాలుగైదు అంకెలు మార్చడమే.

1993లో వచ్చిన 4ఎల్60-ఇ గేర్‌బాక్సులో మూడు, నాలుగు గేర్లను పట్టి ఉంచే క్లచ్ ప్లేట్లు బలహీనమన్న సంగతి దాన్ని విప్పి బిగించిన మెకానిక్కులందరికీ తెలుసు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఆయిల్ ప్రెషర్ మెత్తగా అంది ప్లేట్లు నిదానంగా పట్టుకుంటే, లోపల కూర్చున్నవారికి కుదుపు తెలియదు గాని, ఆ జారుడులో పుట్టిన వేడికి ప్లేట్లు మాడిపోతాయి. కుదుపు లేని ప్రయాణం షోరూములో బండిని అమ్మిపెడుతుంది, మాడిన ప్లేట్ల ఖర్చు మాత్రం యజమాని నెత్తిన పడుతుంది. టైర్ల సంగతీ అంతే: కంప్యూటరు టైరును చూడదు, గేర్‌బాక్సు వెనక షాఫ్టు తిరుగుళ్లను లెక్కించి వేగాన్ని అంచనా వేస్తుంది కనుక, ముప్పైన్నర అంగుళాల టైరు తీసి 33 అంగుళాల టైరు వేస్తే, బండి 65 మైళ్ల వేగంతో పోతున్నా అది 60 అనే నమ్ముతుంది.

1982లో వచ్చిన 700-ఆర్4 గేర్‌బాక్సులో ఇదే పని ఒక కేబులుతోనూ, గవర్నరు అనే చిన్న భాగంలోని బరువులు, స్ప్రింగులతోనూ జరిగేది. స్ప్రింగు మార్చుకున్న రైతునుగాని మెకానిక్కునుగాని ఆనాడు ఏ చట్టమూ ప్రశ్నించలేదు. స్ప్రింగు స్థానంలోకి అంకె రాగానే హక్కు ఎందుకు మాయం కావాలి? సినిమాలు, పాటలు దొంగిలించకుండా ఆపడానికంటూ 1998లో తెచ్చిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలో, డిజిటల్ తాళాలు తీయడాన్ని నిషేధించే 1201 సెక్షన్ ట్రక్కు గేర్‌బాక్సు మీదికి కూడా పాకింది. బండి యజమానిదే అయినా అందులోని సాఫ్ట్‌వేరు అతనిది కాదని తయారీదారులు కాపీరైట్ కార్యాలయం ముందు నిస్సంకోచంగా వాదించారు. ఆ సాఫ్ట్‌వేరు లేకుండా బండి అంగుళం కదలదు కనుక, ఆ వాదనను అంగీకరించడమంటే కొన్నవాడిని అద్దెదారుగా మార్చడమే.

ఈ సెక్షన్ నుంచి మినహాయింపులిచ్చే అధికారమున్న లైబ్రేరియన్ ఆఫ్ కాంగ్రెస్ 2015లో వాహనాలకు మినహాయింపు ఇచ్చినా, దాని అమలును ఏడాది వాయిదా వేశారు. యజమాని తరఫున మెకానిక్కు ఆ పని చేయడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది. తాళం తీసే పరికరాలను తయారుచేసి అమ్మడంపై నిషేధాన్ని సడలించే అధికారం లైబ్రేరియనుకు చట్టమే ఇవ్వలేదు. అంటే తాళం తీయవచ్చు, తీసే సాధనం అమ్మకూడదు. ఇలాంటి హక్కు కాగితం మీద హక్కు మాత్రమే. ఈలోగా కొన్ని కొత్త మోడళ్లలో తాళాన్ని ఇంకా బిగించడంతో, గేర్‌బాక్సు కంప్యూటరునే ఊడదీసి పంపించి, తాళం తీసినదాన్ని డబ్బిచ్చి తెచ్చుకునే గతి పట్టింది.

తాళాలు తీస్తే కాలుష్యం పెరుగుతుందని పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015 జులైలో అభ్యంతరం చెప్పింది. కానీ అదే ఏడాది సెప్టెంబరులో బయటపడ్డ ఫోక్స్‌వాగన్ పొగ పరీక్షల మోసం యజమానులు చేసింది కాదు, తాళం వేసిన సాఫ్ట్‌వేరులో తయారీదారే దాచిపెట్టింది. పొగ నియంత్రణను చెడగొట్టేవారిని శిక్షించడానికి క్లీన్ ఎయిర్ చట్టం ఉండగా, గేరు మారే వేగాన్ని సరిచేసుకునేవారిని అడ్డగించడం అన్యాయం. ప్రమాదాలు జరుగుతాయన్న వాదనకు ఇక్కడ చోటే లేదు. బ్రేకులను సొంతంగా విప్పి బిగించుకోవడాన్ని ఏ కాపీరైట్ చట్టమూ ఆపడం లేదు.

2027 విచారణ దాకా ఎదురుచూడకుండా, అమెరికాలో ఓటు హక్కున్న తెలుగువారు, వారిలోనూ ముఖ్యంగా ట్రక్కుతో బతుకు లాగుతున్నవారు, తమ కాంగ్రెస్ సభ్యుడికీ ఇద్దరు సెనేటర్లకూ ఇప్పుడే లేఖలు రాయాలి. వాహనాల మరమ్మతును, చట్టబద్ధమైన మార్పులను 1201 సెక్షన్ నుంచి శాశ్వతంగా తప్పించాలనీ, అందుకు కావలసిన పరికరాల అమ్మకాన్ని అనుమతించాలనీ, గేరు మారే వేగాల పట్టికలను, ఆయిల్ ప్రెషర్ పట్టికలను తయారీదారులు యజమానికి తెరిచి ఇవ్వాలనీ ఆ లేఖల్లో అడగాలి.