సాచెల్ పెయిజ్‌కు తీరని బాకీ

1965 సెప్టెంబరు 25న కాన్సాస్ సిటీ అథ్లెటిక్స్ తరఫున బంతి అందుకునేనాటికి పిచర్ సాచెల్ పెయిజ్‌కు 59 ఏళ్లు. బోస్టన్ రెడ్ సాక్స్ మీద మూడు ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగూ ఇవ్వలేదు. హిట్ కొట్టగలిగింది కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ ఒక్కడే. ఈ కథను బేస్‌బాల్ అభిమానులు ఇప్పటికీ మురిపెంగా చెప్పుకుంటారు. నాకు మాత్రం విన్నప్పుడల్లా కోపం వస్తుంది. ముసలితనంలో ఇలా వేసినవాడు పాతికేళ్లప్పుడు ఎలా వేసి ఉంటాడు?

అలబామాలోని మొబైల్‌లో పుట్టిన పెయిజ్ నల్లజాతి వాడు. అందుకే అతన్ని అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ అయిన మేజర్ లీగుల గడప తొక్కనివ్వలేదు. 1920ల నుంచి నల్లజాతి ఆటగాళ్ల కోసం విడిగా నడిచిన నీగ్రో లీగుల్లో బర్మింగ్‌హామ్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ జట్లకు ఆడాడు. సీజన్ అయ్యాక పొట్టకూటి కోసం ఊరూరా తిరిగి ప్రదర్శన మ్యాచ్‌లు ఆడేవాడు. డిజ్జీ డీన్, బాబ్ ఫెల్లర్ వంటి తెల్లజాతి మేటి పిచర్లు ఆ మ్యాచ్‌లలోనే అతనితో తలపడ్డారు. అంటే అతని సత్తా ఏమిటో తెలియక దూరం పెట్టలేదు. తెలిసే పెట్టారు.

1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌కు మేజర్ లీగుల్లోకి దారి దొరికింది. మరుసటి ఏడాది జులైలో క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వీక్ పెయిజ్‌ను తీసుకున్నాడు. అప్పటికి అతనికి 42 ఏళ్లు. ఇదంతా ప్రచారం కోసమేనని పత్రికల్లో ఎత్తిపొడిచారు. పెయిజ్ ఆరు మ్యాచ్‌లు గెలిచి, ఒక్కటే ఓడాడు. ఆగస్టులో ఒక రాత్రి అతని పిచింగ్ చూడటానికి 78 వేల మందికి పైగా వచ్చారు. ప్రత్యర్థికి ఒక్క పరుగూ దక్కలేదు. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ క్లీవ్‌లాండ్‌దే.

1971లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిస్తామంటూనే నీగ్రో లీగుల వారిని విడిగా పెట్టాలనుకున్నారు. గౌరవంలోనూ వేరు పంక్తి! విమర్శలు చెలరేగాకే అందరితో సమానంగా చేర్చుకున్నారు.

2024లో నీగ్రో లీగుల గణాంకాలను మేజర్ లీగుల రికార్డుల్లో కలపడం న్యాయమైన పని. కానీ పాత స్కోర్లన్నీ దొరకలేదు, ఊరూరా ఆడిన మ్యాచ్‌లు లెక్కలోకే రావు. అందుకే పెయిజ్ గెలుపుల సంఖ్యను మరొకరి సంఖ్య పక్కన పెట్టి ఎవరు గొప్పో తేల్చడం తప్పు. రికార్డు పుస్తకంలో అతని పేరు దగ్గరే, ఈ అంకెలు ఎందుకు అసంపూర్ణమో, అడ్డుకున్నది ఎవరో స్పష్టంగా అచ్చు వేయాలి.