కేసు పెట్టడంతో పని అయిపోదు

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. విచారణ మా ఊళ్లోనే జరగాలని కొట్లాడి, ప్రత్యేక కోర్టును ఊళ్లోకే తెప్పించుకున్నారు బాధితులు. అయినా తీర్పు 2007 జూలై 31న గానీ రాలేదు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాళ్లందర్నీ నిర్దోషులంది. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగుర్ని చంపితే, సుప్రీంకోర్టు మాట చెప్పేసరికి 2008 డిసెంబరు వచ్చింది.

ఇన్నేళ్లూ ఎక్కడ పోయాయి? ఒక్కచోట పోలేదు. స్టేషన్లో కొన్ని, చార్జిషీటు దగ్గర కొన్ని, వాయిదాల్లో మిగతావి. పెత్తందారుకి ప్రతి మెట్టు దగ్గరా వకీలున్నాడు. మనకీ ప్రతి మెట్టూ తెలియాలి.

మొదటిది ఎఫ్.ఐ.ఆర్. పదేళ్ల తరవాత డిఫెన్సు వకీలు అడిగేది ఈ కాగితం గురించే. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, కులం పేరెత్తి ఏమని తిట్టారు, అన్నీ ఉన్నదున్నట్టు రాయించండి. చదివి వినిపించాకే వేలిముద్ర వేయండి. కాపీ ఉచితంగా ఇవ్వాల్సిందే. అట్రాసిటీ కేసు దర్యాప్తు డి.ఎస్.పి.కి తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి.

రెండోది బెయిలు. ఈ చట్టం 18వ సెక్షను ముందస్తు బెయిలు కూడదంటుంది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ గోడకి కంత పెట్టింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేశాక, ఆ ఏడే పార్లమెంటు 18ఎ చేర్చి పూడ్చింది. అయితే పైకి చూస్తేనే కేసు నిలవదనిపిస్తే కోర్టు ముందస్తు బెయిలు ఇవ్వొచ్చు. అందుకే మొదటి కాగితం గట్టిగా ఉండాలంటున్నాం. అరెస్టయ్యాక బెయిలు అడిగితే బాధితులకి నోటీసివ్వాలి, వాళ్ల మాట వినాలి. ఇది 15ఎ ఇచ్చిన హక్కు. తప్పనిసరని 2021లో సుప్రీంకోర్టే చెప్పింది. ఇంకోటి: నేరాన్నిబట్టి 60 లేక 90 రోజుల్లో చార్జిషీటు పడకపోతే, జైల్లో ఉన్నవాడికి బెయిలు హక్కుగా వస్తుంది. పోలీసుల బద్ధకం వాడికి తాళంచెవి. ఆ రోజులు మనమే లెక్కపెట్టాలి. బెయిలొచ్చిందంటే కేసు కొట్టేశారని మాత్రం కాదు. వాడు బయటికొచ్చి సాక్షుల్ని బెదిరిస్తే రద్దు చేయమని అడగొచ్చు.

మూడోది చార్జి. పడాల్సిన సెక్షను పడలేదా? ఆరోజే పి.పి.ని అడగండి. తీర్పు చెప్పేలోపు ఎప్పుడైనా చార్జి మార్చే అధికారం కోర్టుకుంది.

ఆఖరుది విచారణ. చార్జిషీటు పడ్డ రెండు నెలల్లో వీలైనంతవరకు ముగించాలని 2015 సవరణ చెప్పింది. ఆచరణలో ఏళ్లు పడుతోంది. ఈలోగా సాక్షికి పనిపోతుంది, అప్పు నిలిచిపోతుంది, పెద్దమనుషులు రాజీ అంటూ గడప తొక్కుతారు. సాక్షి విరిగిపోవడమంటే ఇదే. కూలి మానుకుని వచ్చిన సాక్షికి దారిఖర్చులు, భత్యం ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఇప్పించాల్సింది కలెక్టరు. మూడు నెలలకోసారి జరగాల్సిన జిల్లా విజిలెన్సు కమిటీలో ఇది అడగండి.

కార్యకర్తలకి మా మాట ఒకటే. కేసుకో నోటుబుక్కు పెట్టండి. ప్రతి వాయిదాకీ సాక్షి పక్కన ఇద్దరు నిలబడండి. ఒంటరి సాక్షిని కొనొచ్చు, బెదిరించొచ్చు. పేట మొత్తం కోర్టు వరండాలో కూచుంటే ఎవడూ కొనలేడు.

జై భీమ్!