సెంట్ల లెక్క, గుంటల చేను

పొలాస పరిశోధనా కేంద్రంలో తేలిన సంగతి పక్క మండలం రైతుకు ఎట్లా చేరాలి? అచ్చు కాగితం మీదనే అన్నారు సర్కారు పెద్దలు. విశ్వవిద్యాలయం ఏటా వ్యవసాయ పంచాంగం వేసింది. వ్యవసాయ శాఖ ‘పాడిపంటలు’ తెచ్చింది. 1969 నుంచి ‘అన్నదాత’ వచ్చింది. వీటిని తీసిపారేయలేం.

కానీ ఆ కాగితం ఎవరి భాష మాట్లాడింది? ఎకరం నాటుకు 5 సెంట్ల నారుమడి అన్నది. కరీంనగర్ రైతు లెక్క గుంటల్లో ఉంటుంది, ఎకరానికి 40. ఐదు సెంట్లంటే రెండు గుంటలని ఎవరు చెప్పాలి? మక్కను మొక్కజొన్న చేశారు, పల్లిని వేరుశనగ చేశారు. వానకాలం, యాసంగి అన్న మన మాటలు సర్కారు కాగితాలకు ఎక్కడానికి, సొంత రాష్ట్రం వచ్చాక కూడా, 2020 దాకా ఆగాల్సి వచ్చింది!

అర్థంకాని కాగితం జాగాలోకి మందుల దుకాణదారు వస్తాడు. ఏ మందు, ఎంత, ఎన్నిసార్లు అన్నది ఉద్దెర ఇచ్చేవాడే చెబుతాడు. బాకీ ఉన్న రైతు ఎదురడగలేడు.

పత్తినే చూడండి. 2002లో బీటీకి అనుమతి వచ్చింది. 450 గ్రాముల బీటీ గింజలతోపాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజల సంచి, ఒక కరపత్రం ఇచ్చారు. ఆ మామూలు గింజలు చేను చుట్టూ వేయాలి. బీటీ విషం తగలకుండా అక్కడ పెరిగిన పురుగులు, విషాన్ని తట్టుకున్న పురుగులతో జతకడితే, పుట్టే పిల్లలు బీటీకి చస్తాయి. ఇంత పెద్ద ముచ్చటను సన్న అక్షరాల్లో మడిచిపెడితే ఎవరు చదువుతారు? చాలామంది ఆ సంచిని గట్టు మీద పడేశారు. పురుగు తినే గింజకు జాగా ఎందుకని రైతు అనుకుంటే తప్పేముంది? గులాబీ రంగు పురుగు బీటీ-2కు కూడా లొంగకుండా పోవడానికి ఇదొక కారణం.

ఆదిలాబాద్ సంగతి ఇంకా కష్టం. 2011 జనగణన నాటికి జిల్లాలో అక్షరాస్యత 61 శాతమే. ఉట్నూరు, నార్నూరు దిక్కు ఇండ్లలో గోండి, కొలామి. సరిహద్దు ఊళ్లలో మరాఠీ. ఒక్క తెలుగు కరపత్రం అన్ని గూడేలకూ సరిపోతుందా?

గుంటల లెక్కతో, గోండిలో చదివి వినిపించే మనిషితో, రోహిణి కార్తె లోపలే ఆ కాగితం రైతువేదికకు చేరాలని మేము అడుగుతున్నాం. విద్యార్థులు, ఉద్యోగులు కూడా ఊరికి పోయినప్పుడు పత్తి ప్యాకెట్లోని కరపత్రం తీసి ఇంట్లో పెద్దగా చదవండి. అప్పట్లో వచ్చిన ఆ చిన్న సంచిని ఏం చేశారో నాయనను అడగండి.