సూత్రము నేర్చిన కన్ను

వ్యాకరణము, ఛందస్సు నేర్చి ఏమి ఫలమని విద్యార్థులు కొందరు అడుగుచుందురు. కంప్యూటరు పని నేర్వదలచినవారికి ఇవి బరువేనని తలిదండ్రులును కొందరు తలంతురు. పొరుగు రాష్ట్రమున శిక్షణ పొందు దినములలో గణవిభజన చేయుచు నేనును విసిగినవాడనే. అయినను ఆ అభిప్రాయము సరికాదని నేడు నా నిశ్చయము. ఒక్క ఉదాహరణము చాలును.

వెబ్ పుటలోని రంగులను, అక్షరముల పరిమాణమును నిర్ణయించు వ్రాతను స్టైల్‌షీటు అందురు. అందుకు వాడు సి.ఎస్.ఎస్. అను భాష 1996లో ప్రమాణముగా వెలువడినది. వేల పంక్తులు గల అట్టి వ్రాతలో ఒక రంగు ఎచ్చటెచ్చట కలదో కంటితో వెదకుట దుస్సాధ్యము. అప్పుడు అక్కరకు వచ్చునది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఈ గుర్తు పిదప ఇట్టి అక్షరములు ఇన్ని రావలెనని చెప్పు సూత్రమే అది. దీని సిద్ధాంతమును 1950ల దశకమున స్టీఫెన్ క్లీనీ నెలకొల్పగా, దానితో పాఠమును వెదకు పద్ధతిని 1968లో కెన్ థాంప్సన్ ప్రకటించెను. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ గణములని మనము చెప్పుకొనుట ఇట్టిదే కదా! పద్యములు వేయి యైనను సూత్రమొక్కటే.

సూత్రమున లోపమున్న ఏమగును? నలుపును #000 అని వ్రాయుదురు. దానినెల్ల #333 అను బూడిదరంగుగా మార్చుమని తొందరపడి ఆజ్ఞాపించితిమనుకొనుడు. ముదురు నీలమునకు గుర్తైన #000080 సైతము పట్టుబడి #333080 అగును. మనము కోరని రంగు మారిపోవును. మూడు సున్నల పిదప మరియొక అంకెగాని, ఏ మొదలు ఎఫ్ వరకు గల అక్షరముగాని రాకూడదను నియమమును చేర్చిననే సూత్రము పూర్తియగును. గణములు కుదిరినంతనే తృప్తిపడక, పాదము ముగిసినదా అని చూచుట ఛందస్సు నేర్పిన అలవాటు.

మనబోటివారికి ముఖ్యమైన మాట మరియొకటి కలదు. స్టైల్‌షీటులోని పేర్లు తెలుగులో నుండుటకును ఆ భాష అనుమతించును. కాని పేరనగా ఆంగ్లాక్షరములు, అంకెలు మాత్రమేయని వ్రాసిన సూత్రమునకు మన అక్షరములు కానరావు. యూనికోడ్‌లో తెలుగునకు 128 స్థానముల పరిధి కలదు. దానిని సూత్రమున చేర్చుట కష్టము కాదు. చేర్చవలెనను స్ఫురణ కలుగుటయే కష్టము. లెక్కలో చేర్చనివారు లేనివారుగనే మిగిలిపోవుదురని, అన్యభాషల నడుమ బ్రతుకు మనకు ఒకరు చెప్పవలెనా?

కావున విద్యార్థులారా, కంప్యూటరును తప్పక నేర్వుడు. అందుకై తెలుగు పుస్తకమును మూసివేయకుడు.